నొక్కిన వేలికీ దూకిన బొమ్మకీ మధ్య

అధ్యక్షులకూ, వేదికపైనున్న పెద్దలకూ, ఈ మండుటెండలో బెంజి సర్కిల్ దాటుకుని వచ్చిన విద్యార్థులకూ నమస్కారం. మర్యాద వాక్యాలకు కేటాయించిన సమయాన్ని కూడా నేను విషయానికే వాడుకుంటాను. ఇంట్లో ఆర్కేడ్ క్యాబినెట్, అంటే పార్లర్లలో ఉండే వీడియో గేము పెట్టె, చేసుకునేవారు ఏ కంప్యూటర్ భాగాలు కొనాలో చెప్పమని నన్ను పిలిచారు. నేను చెప్పడానికి వచ్చింది మాత్రం తెర మీది బొమ్మలు గీయడానికి కంప్యూటర్‌లో వేసే ఒక గ్రాఫిక్స్ కార్డు కథ.

మా చిన్నతనంలో గవర్నరుపేటలోని ఒక ఇరుకు గదిలో వీడియో గేముల పార్లరు ఉండేది. కూరగాయల డబ్బులో మిగిల్చిన రూపాయి బిళ్ల మా తమ్ముడి చేతిలో పడితే అరగంట నడిచేది, నా చేతిలో పడితే నిమిషంలో హరించుకుపోయేది. ఆ గదిని తిరిగి కట్టుకోవాలన్న కోరికతోనే, ఉద్యోగ విరమణ తరువాత, ఆటోనగర్‌లో ఇనుప చట్రం వెల్డింగ్ చేయించి, 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కోయించాను. కంప్యూటర్ కోసం వెళితే దుకాణదారు, "గేములంటే కార్డు లేకుండా ఎలా సార్?" అన్నాడు. మొత్తం ఖర్చులో సగం ఆ కార్డుకే పోయింది. తెరగా ఇంట్లోని టీవీనే బిగించాను.

గుంటూరు నుంచి తమ్ముడు వచ్చాడు, రెండు నిమిషాలు ఆడాడు, చేతులు తీసేశాడు. "అన్నయ్యా, నేను నొక్కాక తెర మీద వాడు ఆలోచించుకుని దూకుతున్నాడు" అన్నాడు. దుకాణానికి తిరిగి వెళ్లి చెప్పుకుంటే, ఇంకా పెద్ద కార్డు వేసుకోమన్నారు! చివరికి దోషం టీవీలో దొరికింది. సెకనుకు 60 బొమ్మలు చూపే ఆటలో ఒక్కొక్క బొమ్మకు దక్కేది సుమారు 16.7 మిల్లీసెకన్లు, బొమ్మకు నగిషీలు చెక్కుతూ టీవీ నాలుగైదు బొమ్మలు వెనుకబడితే, ఆటగాడి వేలు గతంలో ఆడుతున్నట్టే. సెట్టింగుల్లో ఆ నగిషీలను తగ్గించే గేమ్ మోడ్ పెట్టగానే ఆ జాప్యం చాలా వరకు పోయింది. దానికైన ఖర్చు సున్నా.

కార్డు ఎందుకు అక్కరకు రాలేదో వినండి. 1980లో వచ్చిన ప్యాక్‌మ్యాన్ అనే ఆటను నడిపింది సుమారు 3 మెగాహెర్ట్జ్ వేగంగల జెడ్80 చిప్పు. దాని తెర 224 అడ్డం, 288 నిలువు చుక్కలు మాత్రమే. 1997లో మొదలైన మేమ్ అనే ప్రోగ్రాము అటువంటి పాత యంత్రాల చిప్పులను అనుకరిస్తుంది. ఆ అనుకరణ భారం ప్రధానంగా ప్రాసెసర్‌దే, అందులోనూ ఎక్కువ పని ఒకే కోర్ మీద, అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే ఒకే విభాగం మీద, పడుతుంది. వంటవాళ్లు ఎనిమిదిమంది ఉన్నా, ఒక పెసరట్టు ఒక పెనం మీదనే కాలాలి గదా! కనుక కోర్ల సంఖ్య కాదు, ఒక్కొక్క కోర్ వేగం చూడండి. ఎనభైల ఆటలకు రాస్‌బెరీ పై 4 అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ సరిపోతుంది; తొంభైల చివరి త్రీడీ ఆటలు కావాలంటేనే వేగమైన డెస్క్‌టాప్ అవసరం.

ఇప్పటికే కార్డు కొన్నవారు దయచేసి చేయెత్తండి. ఇన్ని చేతులా! నన్ను పోయిన ఏడాదే పిలవవలసింది.

మిగిలిన డబ్బును వేళ్లు తాకేచోట పెట్టండి: కదిపితే క్లిక్‌మనే మైక్రోస్విచ్‌లున్న జాయ్‌స్టిక్, 30 మిల్లీమీటర్ల బటన్లు, వాటిని యూఎస్‌బీకి కలిపే మంచి ఎన్‌కోడర్ బోర్డు. తెర విషయంలో వెడల్పాటి టీవీకి ఆశపడకండి. పాత ఆటలు చాలా వరకు 4:3 నిష్పత్తిలో ఉంటాయి, ప్యాక్‌మ్యాన్ వంటివాటికైతే తెరను నిలువుగా తిప్పాలి. హార్డ్ డిస్కు బదులు ఎస్ఎస్‌డీ, కరెంటు పోయినప్పుడు ఫైళ్లు చెడకుండా చిన్న యూపీఎస్ చాలు. మన బెజవాడ ఎండకు మూసిన ప్లైవుడ్ పెట్టె కుంపటే అవుతుంది కనుక, కింద గాలి వచ్చే కన్నాలు, పైన వేడిని తోసే 120 మిల్లీమీటర్ల ఫ్యాను తప్పనిసరి. బటన్ల పలక ఇనుముదైతే ఎర్తింగ్ మరువకండి. మా తమ్ముడు ఒకసారి మరిచాడు.

క్యాబినెట్‌ను కింద వరండాలో పెట్టించాను, తమ్ముడు అక్కడే ఉన్నాడు, ఒక్కొక్కరుగా ఆడవచ్చు. ఆ కార్డు కూడా అట్టపెట్టెతో సహా తెచ్చాను. కావలసినవారు బేరం నాతో కాదు, వాడితో చేయాలి.