ఎత్తకండి, దారి ఇవ్వండి

వేదిక మీది పెద్దలకీ, ఎదురుగా కూర్చున్న మిత్రులకీ నమస్కారం. పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్ అందులోనే అయిపోతుంది, ఏమీ అనుకోకండి. డిసెంబరు 3, వికలాంగుల దినోత్సవం వస్తే వీల్‌చైర్‌లో తిరిగే మాలాంటివాళ్లని పిలిచి శాలువా కప్పుతారు, సంతోషమే, కానీ నేను ఫుట్‌పాత్ గురించి మాట్లాడాలి.

2017 నవంబరులో హైదరాబాద్‌కి మెట్రో వచ్చినప్పుడు నాకు కలిగిన సంబరం అంతా ఇంతా కాదు. స్టేషన్లో లిఫ్టు, బోగీలో వీల్‌చైర్‌కి చోటు! అసలు కష్టం లిఫ్టు దిగి రోడ్డు మీదికి వచ్చాకే. ఫుట్‌పాత్ అంచు జానెడు ఎత్తు, ర్యాంపు ఉండదు. ఉన్నచోట దానికి అడ్డంగా బైకు. బైకులు ఎక్కకుండా పాతిన ఇనుప స్తంభాల మధ్య నా కుర్చీ కూడా పట్టదు. ఇంకేం చేస్తాం, బస్సుల పక్కన రోడ్డు మీదే.

ఒకసారి కోఠిలో అలా ఆగిపోతే నలుగురు కుర్రాళ్లు పరిగెత్తుకొచ్చారు. "ఆగన్నా, మేం ఎత్తుతం" అంటూనే నేను నోరు తెరిచేలోపు తలా ఓ పక్క పట్టుకున్నారు. నా కుర్చీ ఆర్మ్‌రెస్ట్ ఊడొచ్చే రకం. అది ఒకతని చేతిలోకి వచ్చేసింది, కుర్చీ ఒరిగింది, నా మోచెయ్యి రాయికి కొట్టుకుంది. పాపం ఆ అబ్బాయి నాకంటే ఎక్కువ భయపడ్డాడు. వాళ్లది మంచి మనసు, ఈ ఊళ్లో దానికి లోటు లేదు. కానీ ఎక్కడ పట్టుకోవాలో కూర్చున్నవాళ్లకి తెలుస్తుంది. ముందు అడగండమ్మా, అడగండయ్యా! ఆ అంచు దగ్గర చిన్న ర్యాంపు ఉంటే ఆ నలుగురితో పనే లేదు కదా?

చట్టం లేదా అంటే ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, నిబంధనలు 2017లో వచ్చాయి. ప్రజలు వాడే పాత భవనాలన్నీ ఐదేళ్లలో మాకు అనువుగా మార్చాలన్నారు. ఆ గడువు 2022లోనే దాటిపోయింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి అనే ఆయన వేసిన కేసులో సుప్రీంకోర్టు, భవనాలూ రోడ్లూ మాకు అనువుగా ఎలా ఉండాలో చెప్పే ప్రమాణాలు సలహాలుగా కాదు, తప్పనిసరిగా ఉండాలని చెప్పింది.

ర్యాంపు అంటే సిమెంటు పోసి ఏటవాలుగా రుద్దేయడం కాదండీ. అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు ఉండాలి. ఈ హాలు ముందు మూడు మెట్లున్నాయి, ఎంత లేదన్నా అడుగున్నర ఎత్తు. ర్యాంపేమో ఆరడుగులు కూడా లేదు, ఇందాక ఇద్దరు వెనక నుంచి తోస్తే ఎక్కాను. ఇంజినీరు గారు ముందు వరసలోనే ఉన్నారు. సార్, మీటింగ్ అయ్యాక ఐదు నిమిషాలు నాతో బయటికి రండి, కొలిచి చూద్దాం. టేపు నా సంచిలో ఉంది.