బెల్పర్ వెళ్తే ముందు నది దగ్గరికి వెళ్లండి

[దృశ్యం: డెర్వెంట్ నది. గుర్రపు నాడా ఆకారంలో ఉన్న ఆనకట్ట మీంచి దూకుతున్న నీళ్లు]

నమస్కారం. ఇంగ్లాండ్‌లోని డెర్బీషైర్‌లో ఉన్నాం. డెర్బీలో రైలెక్కితే కాసేపట్లోనే బెల్పర్ వస్తుంది. చాలామంది స్టేషన్ నుంచి నేరుగా షాపులున్న వీధిలోకి వెళ్లిపోతారు. మీరు మాత్రం ముందు ఇక్కడికి రండి. ఈ ఊరు పట్టణంగా ఎదగడానికి కారణం ఈ నీళ్లే.

ఒకప్పుడు బెల్పర్ మేకులు కొట్టే కమ్మరుల ఊరు. 1770ల చివర్లో జెడిడయా స్ట్రట్ ఇక్కడ నూలు మిల్లు పెట్టాడు. నీటి చక్రాలు తిరగాలంటే నీటిమట్టం పెరగాలి. అందుకే 1797లో ఈ ఆనకట్ట కట్టారు.

ఇక్కడ మనకు సంబంధించిన సంగతి ఒకటుంది. అంతకు దాదాపు వందేళ్ల ముందు మచిలీపట్నం నుంచి వెళ్లే అద్దకపు బట్టలంటే ఇంగ్లాండ్ జనానికి తెగ మోజు. దాంతో తమ పొట్ట కొడుతున్నారని అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గొడవ చేశారు. చివరికి 1721 చట్టం అద్దకపు నూలు బట్టలు కట్టుకోవడాన్నే దాదాపుగా నిషేధించింది. నీటితో నడిచే నూలు యంత్రం తెచ్చిన రిచర్డ్ ఆర్క్‌రైట్, అతని భాగస్వామి స్ట్రట్ పార్లమెంటు ముందుకెళ్లాక, 1774లో ఆ నిషేధం సడలింది. అదీ ఇంగ్లాండ్‌లో తయారైన బట్టకే! బెల్పర్ మిల్లుల వెనక ఈ చట్టాల అండ ఉందన్నది మనం మరచిపోకూడదు. ఆ తర్వాత మిల్లు నూలు ధాటికి మన రాట్నాలు ఏమయ్యాయో మనకు తెలుసు. మిల్లులకు వచ్చిన పత్తి వెనకా, కరీబియన్ దీవుల్లో, తర్వాత అమెరికాలో బానిసల చెమట ఉంది.

[దృశ్యం: నార్త్ మిల్లు లోపల. సన్నటి ఇనుప స్తంభాలు, ఇటుక కమాన్ల పైకప్పు]

ఇది నార్త్ మిల్లు. ఇక్కడ తలెత్తి పైకప్పు చూడండి. 1803లో పాత మిల్లు తగలబడింది. దాని లోపలి నిర్మాణమంతా చెక్క. గాల్లో దూది రేణువులు, దీపాల వెలుగులో పని. ఒక్క నిప్పురవ్వ చాలు. జెడిడయా కొడుకు విలియం స్ట్రట్ 1804లో దీన్ని పోత ఇనుప స్తంభాలతో, వాటి మధ్య ఇటుక కమాన్లతో మళ్లీ కట్టించాడు. బరువు తగ్గించడానికి పై అంతస్తులో బోలు మట్టి కుండలు వాడారు. ఇనుప చట్రంతో కట్టి, ఇప్పటికీ నిలబడి ఉన్న అతి పాత భవనాల్లో ఇదొకటి. పెద్ద కోటలకన్నా నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది.

ఇక్కడ పనిచేసిన వాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. జరిమానాల చిట్టా చదివితే వాళ్లు కళ్లముందు కదులుతారు. కిటికీలోంచి సైనికులను పిలిచినందుకు కోత. ఒకరి వీపు మీద ఒకరు ఎక్కి ఆడినందుకు కోత. పసితనానికి జీతం కోశారన్నమాట. ఆ పద్దు చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

బయట మిల్లులను కలుపుతూ రోడ్డు మీదుగా ఒక రాతి వంతెన ఉంది. దాని గోడలో చిన్న కన్నాలు కనిపిస్తాయి. అల్లరి మూకలు వస్తే తుపాకులు గురిపెట్టడానికే వాటిని పెట్టారంటారు.

[దృశ్యం: లాంగ్ రో. రాతి ఇళ్ల వరుస]

ఇదే యజమానులు పనివాళ్లకు ఇళ్లూ కట్టించారు. 1790ల నాటి లాంగ్ రోలో ఇప్పటికీ జనం కాపురముంటున్నారు, కాబట్టి కిటికీల్లోకి తొంగిచూడకండి. 1840లో వచ్చిన రైలు మార్గం ఈ వీధిని మధ్యలో కోసేసింది. ఆ కోత మీద కట్టిన వంతెన దగ్గర నిలబడితే, నీటి కాలం మీదుగా ఆవిరి కాలం ఎలా దూసుకెళ్లిందో తెలుస్తుంది.

శామ్యూల్ స్లేటర్ పేరు కూడా వింటారు. బెల్పర్‌లో 1768లో పుట్టి, స్ట్రట్ దగ్గరే పని నేర్చుకున్నాడు. యంత్రాల నమూనాలు దేశం దాటించడం నేరం కనుక, అవన్నీ బుర్రలో పెట్టుకుని 1789లో గుట్టుగా అమెరికా ఓడెక్కాడు. పాటకెట్‌లో నూలు మిల్లు నిలబెట్టాడు. అమెరికాలో అతను పరిశ్రమల పితామహుడు, ఇక్కడ చాలామందికి ద్రోహి. నన్నడిగితే, పని నేర్చిన కుర్రాడి చేతిలోని విద్యను చట్టంతో కట్టేయాలనుకోవడమే తప్పు.

[దృశ్యం: కింగ్ స్ట్రీట్ ఎత్తు ఎక్కుతూ మార్కెట్ ప్లేస్ వైపు]

ఇప్పుడు షాపుల వీధికి రండి. కింగ్ స్ట్రీట్ ఏటవాలుగా మార్కెట్ ప్లేస్ దాకా ఎక్కుతుంది. 2014లో గ్రేట్ బ్రిటిష్ హై స్ట్రీట్ పోటీలో గెలిచింది ఈ ఊరే.

మిల్లుల లోయ మొత్తానికి 2001లో యునెస్కో వారసత్వ గుర్తింపు వచ్చింది. ఓపిక ఉంటే అదే రైల్లో ఇంకాస్త ముందుకెళ్లి క్రామ్‌ఫర్డ్‌లో దిగండి, ఆర్క్‌రైట్ నీటితో నడిచే నూలు మిల్లు మొదలుపెట్టిన చోటు అది. బయల్దేరే ముందు మిల్లు లోపలికి రానిస్తున్నారో లేదో కనుక్కోండి. మెత్తటి బూట్లు వేసుకోండి, ఊరంతా ఎత్తుపల్లాలే.