ఓలెసుండ్: వీధివైపు, నీటివైపు

సభకు నమస్కారం.

నార్వే పడమటి తీరాన కొన్ని దీవుల మీద పరచుకొన్న ఓలెసుండ్ పట్టణాన్ని చూడబోయేవారు ముందుగా తెలుసుకోవలసిన తేదీ 1904 జనవరి 23. ఆనాటి వేకువకు ముందే రేగిన మంట, పెనుగాలి తోడై, చెక్క ఇళ్ళతో కిక్కిరిసిన ఊరి నడిబొడ్డును బూడిద చేసింది. సుమారు 850 ఇళ్ళు కాలిపోయి దాదాపు 10,000 మందికి నిలువనీడ లేకుండా పోయినా, ప్రాణం కోల్పోయినది ఒక్కరే కావడం నేటికీ విస్మయం కలిగిస్తుంది. ఆ తీరానికి వేసవి విహారానికి వచ్చే అలవాటున్న జర్మన్ చక్రవర్తి రెండవ విల్‌హెల్మ్ ఓడలలో సహాయ సామగ్రి పంపాడు. ఆయన పేరిట అక్కడ ఒక వీధి ఉంది.

1907 నాటికి ఊరు చాలావరకు మళ్ళీ లేచింది, ఈసారి ఇటుకతోనూ రాతితోనూ. ఐరోపాలో అప్పుడు కొత్తగా ఉన్న ఆర్ట్ నూవో శైలిని యువ వాస్తుశిల్పులు బురుజులుగా, వంపు తిరిగిన గోడలుగా, పూలతీగలుగా మలిచి, వాటి నడుమ తమ పూర్వుల వైకింగ్ నగిషీలను కూడా చేర్చారు. నార్వే స్వీడన్ నుంచి విడివడిన 1905వ సంవత్సరం ఈ నిర్మాణకాలం మధ్యలోనే వచ్చిందని గుర్తుంచుకొంటే, ఆ నగిషీలు కేవలం అలంకారమని నాకు తోచదు. వాస్తుశిల్పి షుట్టె-బెర్గ్ రూపొందించిన హంస మందుల దుకాణం నేడు ఆర్ట్ నూవో శైలికే అంకితమైన మ్యూజియం.

చాలామంది యాత్రికులు అక్స్లా కొండకు 418 మెట్లెక్కి, పైకప్పులను చూసి, ఫొటో తీసుకొని వెళ్ళిపోతారు. అది చాలదని నా అభిప్రాయం. ఊరిని చీల్చుకొంటూ పోయే బ్రోసుండెట్ కాలువ వెంట నడిస్తేనే, పడవల నుంచి సరుకు నేరుగా లోపలికి చేదుకొనేందుకు నీటి అంచునే కట్టిన గిడ్డంగులు కనిపించి, ఈ బురుజుల వెనుక ఉన్న సంపద ఎక్కడిదో అర్థమవుతుంది. అగ్నిప్రమాదాన్ని తప్పించుకొన్న 1861 నాటి హోల్మ్‌బువా గిడ్డంగిలో ఇప్పుడు మత్స్య మ్యూజియం ఉంది.

ఆ సంపదకు మూలం చల్లని సముద్రాలలో దొరికే కాడ్ చేప. దానిని చీల్చి, ఉప్పు పట్టించి, తీరంలోని బండలపై ఆరబెట్టేవారు. ఎండుచేపల పని ఎరిగిన మన తీరవాసులకు ఇది కొత్త కాదు. వాన మబ్బు కనబడితే చేపలను గబగబా కుప్పవేసి కప్పడం, తెరిపిచ్చాక మళ్ళీ పరచడం ఎక్కువగా స్త్రీల పని. ఇప్పుడు యంత్రాలే ఆరబెడుతున్నాయి. పోర్చుగల్, స్పెయిన్, బ్రెజిల్ దేశాలకు వెళ్ళిన ఈ సరుకు వెంట అక్కడి వంట కూడా తిరిగివచ్చింది: టమాటా, ఉల్లి, బంగాళాదుంప, ఆలివ్ నూనెలతో ఉడికించే బకలావ్‌ను ఓలెసుండ్ ప్రజలు నేడు తమ సొంత వంటగానే వడ్డిస్తారు.