పిల్లల వ్యాయామాన్ని కొలిచే ఆ ఒక్క ప్రశ్న: రివ్యూ

నమస్కారం. ఈ ఛానెల్లో ఇంతవరకు చేతికి కట్టుకునే బ్యాండ్లు, స్మార్ట్‌వాచీలు చూస్తూ వచ్చాం. ఈరోజు రివ్యూకు తీసుకున్నది మీరు కొనే వస్తువు కాదు, ఒక ప్రశ్న. తెర మీద చూడండి. "గడిచిన ఏడు రోజుల్లో, ఎన్ని రోజులు మీరు మొత్తం కలిపి కనీసం 60 నిమిషాలు శారీరక శ్రమ చేశారు?" సున్నా నుంచి ఏడు వరకు ఒక అంకెకు గుర్తు పెట్టాలి. అంతే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ బడిపిల్లల సర్వేలో అడిగే ప్రశ్న ఇది. మన దేశంలో 2007లో ఆ సర్వే సీబీఎస్‌ఈ బడుల్లో జరిగింది. "ప్రతి ఐదుగురు కౌమార వయస్కుల్లో నలుగురికి వ్యాయామం చాలడం లేదు" అన్న వార్త మీరు చదివే ఉంటారు. 2019 చివర్లో లాన్సెట్ వైద్య పత్రికల బృందానికి చెందిన పత్రికలో వచ్చిన అధ్యయనం అది. 146 దేశాలు, 16 లక్షల మంది విద్యార్థులు, వయసు 11 నుంచి 17. చివరికి తేలిన లెక్క 81 శాతం. ఆ 16 లక్షల మందికి ఎవరూ నడుముకు పరికరం కట్టలేదు. ఇలాంటి ప్రశ్నకు పిల్లలు కాగితం మీద ఇచ్చిన జవాబులే ఆ లెక్కకు ఆధారం.

ఇంత పెద్ద బరువు మోస్తున్న ప్రశ్న ఎంత గట్టిదో చూద్దాం.

పెద్దవాళ్లం నడకకు వెళ్తే, వెళ్లిన సమయం, తిరిగి వచ్చిన సమయం మనకు తెలుసు. పిల్లల ఆట అలా ఉండదు. 1995లో అమెరికాలో పరిశోధకులు 6 నుంచి 10 ఏళ్ల పిల్లలను పక్కనే ఉండి క్షణక్షణం గమనించి రాసుకున్నారు. గట్టిగా పరుగెత్తడం, దూకడం లాంటి తీవ్రమైన కదలికల్లో సగం 3 సెకన్లు దాటలేదు. దాదాపు అన్నీ 15 సెకన్లలోపే ముగిశాయి. పరుగు, ఆగడం, మళ్లీ పరుగు, మధ్యలో ఒక తగాదా. ఈ తునకలన్నీ ఏరి, వారం తర్వాత గుర్తుపెట్టుకుని, 60 నిమిషాలు దాటిందో లేదో చెప్పమంటే పెద్దవాళ్లమే తడబడతాం. ఈ సర్వేను చిన్న తరగతుల్లో ఎలాగూ చేయరు. కానీ తొమ్మిదో తరగతి పిల్లలకైనా ఇది తేలిక కాదు.

ఈ ప్రశ్నను తెలుగులో రాసి మా వీధి పిల్లలకు ఇచ్చాను. క్రికెట్ ఆడే అబ్బాయిలు ఏమాత్రం తడుముకోకుండా ఏడు అని రాశారు. అందులో బౌండరీ దగ్గర సాయంత్రమంతా నిలబడేవాడూ ఉన్నాడు. బిందెలతో నీళ్లు మోసి, మెట్లు కడిగే అమ్మాయి సున్నా అని రాసింది. అడిగితే, "నేను ఆటలు ఆడనుగా" అంది. విచిత్రం ఏమిటంటే, ఆ అధ్యయనంలో భారత్ సంఖ్య ప్రపంచ సగటు కంటే కాస్త మెరుగ్గా, 74 శాతం దగ్గర ఉంది. అబ్బాయిల క్రికెట్, అమ్మాయిల ఇంటి పని అందుకు కారణాలు కావచ్చని రచయితలు అన్నారు. మా వీధిలో మాత్రం ఇంటి పని కాగితం మీదికి ఎక్కలేదు.

మరి పరికరం పెడితే? నడుముకు కట్టి కదలికను కొలిచే యాక్సెలరోమీటర్‌ను అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సర్వేలో 2003–04లో వాడారు. 6 నుంచి 11 ఏళ్ల పిల్లల్లో 42 శాతం రోజుకు 60 నిమిషాలు అందుకున్నారు. 12 నుంచి 19 ఏళ్ల వాళ్లలో 8 శాతమే. పరికరం అబద్ధం ఆడదు, కానీ దానికి కనిపించనివి చాలా ఉన్నాయి. సైకిల్ తొక్కేటప్పుడు నడుము పెద్దగా ఊగదు కాబట్టి ఆ శ్రమ చాలావరకు లెక్కకు రాదు. ఈతకు దాన్ని విప్పేయాల్సి వస్తుంది. బిందె మోసినా, ఖాళీ చేతులతో నడిచినా దానికి ఒకటే. పైగా కదలికను నిమిషానికి ఒకసారి కూడి చూస్తే, నేను చెప్పిన ఆ 3 సెకన్ల పరుగులు చుట్టూ ఉన్న నిలబడే సమయంలో కరిగిపోతాయి. 15 సెకన్లకు ఒకసారి చూస్తే కొంతవరకు బయటపడతాయి. ఒకే పిల్లవాడు, ఒకే రోజు, రెండు జవాబులు.

ఇక అసలు ఫిర్యాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010 మార్గదర్శకాల్లో రోజూ కనీసం 60 నిమిషాలు అంది. 2020లో దాన్ని వారం మొత్తం మీద రోజుకు సగటున 60 నిమిషాలుగా మార్చింది. ఒక అమ్మాయి సోమవారం నుంచి శనివారం వరకు 50 నిమిషాల చొప్పున ఆడి, ఆదివారం రెండు గంటలు ఖోఖో ఆడిందనుకోండి. మొత్తం 420 నిమిషాలు, సగటు సరిగ్గా 60. కొత్త నియమం ప్రకారం పాస్. మన ప్రశ్నకు ఆమె జవాబు? ఒకటి. ఏడింటికి ఒకటి! నియమం మారింది, ప్రశ్న మాత్రం పాత చొక్కాలోనే ఉంది.

బడిలో పెట్టే 600 మీటర్ల పరుగును దీనితో కలపకండి. అది దేహదారుఢ్యాన్ని చూస్తుంది, రోజువారీ కదలికను కాదు. ఇక ఉదయం స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే హాస్టళ్ల పిల్లలకు ప్రశ్నా అక్కర్లేదు, పరికరమూ అక్కర్లేదు. టైంటేబుల్ చదివితే చాలు.

నా మార్కులు: దేశాలను పోల్చడానికి, ఏళ్లు గడిచేకొద్దీ మార్పు చూడడానికి పదికి ఆరు. ఖర్చు లేదు, అన్ని దేశాల్లోనూ అడగవచ్చు. మీ ఇంట్లో ఒక్క పిల్లవాడి సంగతి తేల్చడానికి పదికి రెండు. దానికి నోటుపుస్తకం మేలు. బడికి ముందు, బడిలో, బడి తర్వాత అని మూడు గళ్లు గీయండి. ఆడుతూ మాట్లాడగలిగి, పాట పాడలేకపోతే మధ్యస్థ శ్రమ. రెండు మాటలకే ఆయాసం వస్తే తీవ్ర శ్రమ. ఈ రెండింటి నిమిషాలే రాయండి. నీళ్లు మోయడం, ఇల్లు కడగడం కూడా రాయండి. వారం చివర కూడి, ఏడుతో భాగించండి.

చూస్తున్నవాళ్లలో పీఈటీ సార్లు, టీచర్లు ఉంటే ఒక కోరిక. గేమ్స్ పీరియడ్‌లో ఒక్క పిల్లను ఎంచుకుని, ఆమె వరుసలో నిలబడిన సమయం ఎంతో, పరుగెత్తిన సమయం ఎంతో స్టాప్‌వాచ్‌తో చూసి కింద రాయండి. వచ్చే వీడియో వాటి మీదే.