ఆల్చిప్ప తిండి పట్టే తీరు

శ్రోతలకు నమస్కారం.

ఆల్చిప్పకు తల లేదు, పళ్లు లేవు. తిండి నీటితోపాటే రావాలి. ఆ నీరు తనంతట తాను లోపలికి రాదు, ఆల్చిప్పే లాక్కోవాలి.

తొట్టి అడుగున ఇసుకలో కూరుకున్న క్లామ్‌ను, అంటే ఇసుకలో బతికే ఒక రకం ఆల్చిప్పను, చూడండి. పైకి రెండు చిన్న గొట్టాలు కనిపిస్తాయి. రంగు నీటి చుక్కను డ్రాపర్‌తో ఒక గొట్టం దగ్గర వదిలితే, సన్నటి దారంలా లోపలికి జారిపోతుంది. కాసేపటికి రెండో గొట్టంలోంచి బయటికి చిమ్ముతుంది.

ఈ పంపు ఉన్నది మొప్పల్లో. మొప్ప అంటే దువ్వెన పళ్లలా వరసగా పేర్చిన సన్నటి తీగలు. తీగల పక్కల ఉన్న శైలికలు, అంటే నూగులాంటి కదిలే వెంట్రుకలు, తెడ్లలా ఆడుతూ నీటిని లాగుతాయి. మస్సెల్ అనే రకం ఆల్చిప్పలో తీగకూ తీగకూ మధ్య సందు సుమారు 40 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అయినా 4 మైక్రాన్ల రేణువు కూడా తప్పించుకోవడం అరుదు. కాబట్టి దీన్ని జల్లెడ అనుకోవడం పొరపాటు. తీగ అంచున ఉన్న మరో రకం శైలికలు దాటిపోయే రేణువును ఆపి, తీగ ముందువైపుకు తోస్తాయి. అక్కడి శైలికలు దాన్ని జిగురుతో కలిపి గాడిలోకి, గాడి వెంట నోటివైపు నడిపిస్తాయి.

నోటి పక్కన పెదవుల్లాంటి రెండు జతల మడతలుంటాయి. ఏరివేత ఎక్కువగా ఇక్కడే. పనికొచ్చే నాచు కణాలు నోట్లోకి వెళ్తాయి. మట్టిని మాత్రం జిగురులో ఉండ చుట్టి, చిప్పలు టక్కున మూసి బయటికి నెట్టేస్తుంది. చూడ్డానికి రెట్టలా ఉన్నా అది పేగు మొహం చూడని సరుకు. బురద మరీ ఎక్కువైతే జిగురంతా ఈ పనికే ఖర్చవుతుంది. చివరికి చిప్పలు మూసుకుని పస్తుంటుంది.

ఆయిస్టర్ అనే మరో రకం ఆల్చిప్ప రోజుకు 190 లీటర్లు వడగడుతుందన్న లెక్క తరచూ వినిపిస్తుంది. అది అన్నీ అనుకూలించినప్పటి గరిష్ఠం. చలి నీటిలో శైలికలు మందగిస్తాయి, లెక్క బాగా పడిపోతుంది.

ఈ ఏరివేతకు ఒక లోటుంది. కొన్ని నాచు కణాల్లో ఉండే సాక్సిటాక్సిన్ అనే విషాన్ని ఆల్చిప్ప తిండితోపాటే మింగి, మాంసంలో పోగుచేసుకుంటుంది. తనకు పెద్దగా హాని ఉండదు, తిన్న మనిషికి పక్షవాతం రావచ్చు. ఉడికించినా ఆ విషం పోదు. శుభ్రమైన నీటిలో రెండు రోజులు ఉంచితే బాక్టీరియా చాలావరకు పోతుంది గానీ, వైరస్‌లు అంత త్వరగా వదలవు. విషం విషయంలో ఆ పద్ధతిని నమ్ముకోకూడదు. అందుకే పెంపక కేంద్రాల్లో మాంసాన్ని క్రమం తప్పకుండా పరీక్షించి, విషం హద్దు దాటగానే సేకరణ ఆపేస్తారు.