శరత్తులో లా ఒరోటావా తోట
పాడ్‌కాస్ట్ సంభాషణ పాఠం

అక్క: నమస్కారం. స్పెయిన్‌కు చెందిన టెనెరిఫే దీవి ఉత్తర తీరాన, ప్వెర్తో దె లా క్రూజ్ పట్టణంలో ఉన్న లా ఒరోటావా వృక్షోద్యానం శరదృతువులో ఎలా ఉంటుందో ఈ వారం చెబుతామని ప్రకటించాము. తమ్ముడూ, రాజుగారి ఊసు ఎత్తకుండా మొదలుపెట్టు.

తమ్ముడు: ఎత్తింది నువ్వే. శరత్తు సంగతి రెండు మాటల్లో తేలిపోతుంది: అక్టోబరు నుంచి వానలు మొదలవుతాయి, తోటలో ఎక్కువగా ఉన్నవి ఉష్ణమండలపు చెట్లు కనుక ఆకులు ఎర్రబడి రాలే వేడుక కనబడదు. నాకు రాజుగారి మీదే మాట్లాడాలని ఉంది.

అక్క: మళ్ళీ రాజుగారా?

తమ్ముడు: 1788లో స్పెయిన్ రాజు మూడవ కార్లోస్ ఈ తోటను నెలకొల్పమని ఆజ్ఞ ఇచ్చాడు. వేడి దేశాల మొక్కలను ఇక్కడ కొన్నాళ్ళు పెంచి, చల్లదనానికి అలవాటు చేసి, ఆపైన మాడ్రిడ్, అరాన్‌హ్వేస్ రాజోద్యానాలకు తరలించాలన్నది ఆలోచన. ఆయన ఆ డిసెంబరులోనే మరణించాడు, మొక్కలేమో మాడ్రిడ్ వైపు శీతాకాలానికి తాళలేదు. దీన్ని విఫలమైన తోట అనక ఏమంటారు?

అక్క: తోటను ఎందుకు నిందిస్తావు? మంచు పడే దేశాల మొక్కలు చలి ముదిరే కొద్దీ తమ కణాలను సిద్ధం చేసుకుంటాయి. ఆ శక్తి పుట్టుకతో లేని మొక్కను మధ్యలో ఒక దీవిలో బస చేయించినంత మాత్రాన అది రాదు. తప్పు లెక్కలో ఉంది. రాజాజ్ఞ ప్రకారం తోటను నెలకొల్పిన ప్రభువు మార్కీస్ అలోన్సో దె నావా ఆ తర్వాత కూడా తోటను వదలలేదు, 1799లో వచ్చిన జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త హంబోల్ట్ చూసినది ఆయన పెంచిన తోటనే. ఇంతకూ, పేరు పలకల మీద మొక్క పుట్టిన దేశంతో పాటు నాటిన సంవత్సరం కూడా రాయాలని నేను ఎప్పటి నుంచో...

తమ్ముడు: పలకలు వచ్చేశాయి. నువ్వు వాటి ఊసు ఎత్తుతావని పందెం కాసిన శ్రోతలు గెలిచారు.

అక్క: నవ్వు. ఆస్ట్రేలియాకు చెందిన లార్డ్ హౌ దీవి నుంచి వచ్చిన ఆ మహావృక్షం ముందు నిలబడితే నీకే తెలుస్తుంది. అది మన మర్రికి దగ్గరి చుట్టమే. కొమ్మల నుంచి దారాల్లా వేలాడే ఊడలు నేల తాకాక లావెక్కి స్తంభాలవుతాయి, ఏది మాను, ఏది ఊడ అని పోల్చుకోలేము. ఎవరు, ఏ ఏట నాటారో పలక చెప్పకపోతే ఎలా?

తమ్ముడు: సరే, అంత చెట్టు ఉన్నచోట విఫలమన్న మాట కొంచెం తొందరపాటే కావచ్చు. కానీ రాజుగారి లెక్కలో అది నష్టమే.

అక్క: ఆయన లెక్క మనకెందుకు? రెండు హెక్టార్ల చోటులో...

తమ్ముడు: అక్కా, సమయం దాటిపోయింది.

అక్క: పలకల గురించి ఇంకా ఒక్క మాట...