మీ ర్యామ్‌ని తింటున్నది చచ్చిపోయిన ప్రోగ్రామ్!

సర్వర్‌లో ర్యామ్ నిండిపోతే అందరూ మెమరీ లీక్ అంటారు. లీకూ లేదు, గీకూ లేదు భయ్యా. మీ సర్వర్‌లో ర్యామ్ తింటున్నది ఎప్పుడో చచ్చిపోయిన ప్రోగ్రామ్!

లినక్స్‌లో టాప్ కమాండ్ కొట్టండి, నడుస్తున్న ప్రోగ్రామ్‌లు, అంటే ప్రాసెస్‌లన్నీ బుద్ధిగానే ఉంటాయి. మెమరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్ కొడితే మాత్రం షేర్డ్ కాలమ్ ఉబ్బిపోయి ఉంటుంది. మరి తింటున్నదెవరు? స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌హెచ్‌ఎమ్ అనే ఫోల్డర్‌లోకి పోయి, ఫైళ్ల లిస్టు చూపే ఎల్ఎస్ కొట్టండి. అదిగో, ప్రోగ్రామ్‌లు ఒకదానితో ఒకటి డేటా పంచుకోడానికి పెట్టుకుని, చచ్చాక వదిలేసిన షేర్డ్ మెమరీ ఫైళ్లు వరసగా పడున్నాయి! పేరుకే ఫైళ్లు, ఉండేది డిస్క్‌లో కాదు, మెమరీలో. లినక్స్ ఆ ఫోల్డర్‌కి మామూలుగా పెట్టే హద్దు సగం ర్యామ్. అంటే 64 జీబీ మెషీన్‌లో 32 జీబీ దాకా శవాలకే రాసిచ్చేశారు!

వీటిని ఊడ్చాల్సింది లినక్స్ గుండెకాయ కెర్నలా, ప్రోగ్రామ్ రాసినోడా, ఇదే కదా గొడవ? కెర్నల్‌ని తిట్టకండి. అన్‌లింక్ చేసేదాకా, అంటే ఎవరో ఒకరు ఫైలు పేరు చెరిపేదాకా, ఉంచమన్నది యూనిక్స్ తరహా సిస్టమ్‌లకు రాసిన పాసిక్స్ రూలే. అమీర్‌పేట హాస్టల్లో రూమ్ ఖాళీ చేసినోడు కప్‌బోర్డుకి తాళమేసి పోతే ఓనర్ ఏం చేస్తాడు? మళ్లీ వస్తాడేమోనని ఊరుకుంటాడు.

అసలు దొంగ ఎవరో నేను చెప్తా. కిల్ మైనస్ నైన్, ప్రోగ్రామ్‌ని అక్కడికక్కడే చంపే కమాండ్! మన దగ్గర లినక్స్ నేర్చుకున్నోడికి అన్నిటికంటే ముందు వంటబట్టేది అదే. ఉత్త కిల్ కొడితే ప్రోగ్రామ్‌కి సర్దుకునే టైమ్ ఉంటుంది. నైన్ కొడితే ఉండదు, క్లీనప్ కోడ్ ఎంత బాగా రాసినా దండగే. ఇంకా ఘోరం వినండి. ఈ ఫైళ్లతో మెమరీ నిండితే, ఏదో ఒక ప్రోగ్రామ్‌ని చంపి చోటు చేసే కెర్నల్ వాడి ఊమ్ కిల్లర్ దిగుతుంది. అది కొట్టేదీ నైనే! పాపం, ఏ పాపం తెలియని ప్రోగ్రామ్ చస్తుంది, అదీ ఇలాంటి ఫైలు వాడుతుంటే ఇంకోటి వదిలిపోతుంది. పాత ఫైళ్లు మాత్రం చెక్కుచెదరవు.

కొందరు మేధావులు కెర్నల్ క్యాష్ ఖాళీ చేయించే డ్రాప్ క్యాషెస్‌కి ఎకో త్రీ కొట్టి ఎదురుచూస్తుంటారు. ఒక్క ఎంబీ కూడా రాదు ఈ ఫైళ్ల నుంచి. ఇక మాదాపూర్ టీమ్ లీడ్ల మంత్రం తెలిసిందేగా: "రీస్టార్ట్ చెయ్ బ్రో." మెషీన్ రీస్టార్ట్‌తో అన్నీ మాయమవుతాయి, అందుకే ఎవడికీ కారణం దొరకదు!

మందు లేదా అంటే, 2014లోనే వచ్చింది. లినక్స్ 3.17లో మెమ్‌ఎఫ్‌డీ క్రియేట్, ప్రోగ్రామ్‌లో పిలిచే ఒక కాల్. పేరే లేని మెమరీ, పట్టుకున్న ఆఖరి ప్రాసెస్ పోగానే అదీ పోతుంది, నైన్ కొట్టినా సరే. అంతకు ముందు నుంచీ ఉన్న కిటుకు ఇంకోటి: ఫైలు తెరిచి, మ్యాప్ చేసి, వెంటనే అన్‌లింక్ చేసేయడం. పేరు పోతుంది, పని ఆగదు. రాసేది ఒక్క లైన్, దానికీ బద్ధకమే!

ఆగండాగండి, అప్పుడే ఆ ఫైళ్లు చెరపడానికి ఆర్ఎమ్ కొట్టకండి. ముందు ఫైలు ఎవరి చేతిలో ఉందో చూపే ఫ్యూజర్ కమాండ్‌తో ఏ ప్రాసెస్ అయినా పట్టుకుందేమో చూడండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా తన ఫైళ్లు అక్కడే పెడుతుంది. ఊపులో వాటినీ లేపేసి, క్వెరీలు పడిపోయాక నా మీద పడితే నాకు సంబంధం లేదు.